ఇంట్లో రాయి: ఏది ఎక్కడ, ఎంత జాగ్రత్త?

ఇల్లు కట్టుకునేవారు నేలకీ వంటగట్టుకీ ఏ రాయి వేయించాలని నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. గ్రానైట్ వేయిస్తే ఇక తిరిగి చూడక్కర్లేదని మేస్త్రీ అంటాడు. పాలరాతి అందం మరి దేనికీ రాదని ఇంటీరియర్ డిజైనర్ వాదిస్తారు. మరకే పట్టదంటూ షోరూమ్ వాళ్లు క్వార్ట్జ్ పలకలు చూపిస్తారు. పాత ఇంట్లో రెండు తరాలు నడిచినా చెక్కుచెదరని నాపరాళ్లను పెద్దవాళ్లు గుర్తుచేస్తారు. రాయి వేయించాక మరో చర్చ మొదలవుతుంది: సీలర్ కొట్టించాలా వద్దా, ఫినాయిల్‌తో తుడవచ్చా, మెరుపు తగ్గితే ఎవరిని పిలవాలి?

ఈ జవాబులు ఒకదానికొకటి పొసగకపోవడానికి కారణం ఎవరో అబద్ధం చెప్పడం కాదు. ఒకరు గీతల గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు మరకల గురించి, వేరొకరు పులుపు చేసే నష్టం గురించి మాట్లాడుతున్నారు. ఒకరి మనసులో హాలు ఉంటే మరొకరి మనసులో వంటగట్టు ఉంది. వీటిని విడదీయకుండా ‘ఏ రాయి మంచిది?’ అని అడిగినంతకాలం తగువు తెగదు. ఈ చర్చ ఎలా పెరిగింది, ఎవరి వాదంలో ఎంత బలముంది, తేలినవేవి, తేలనివేవి అన్నది ఈ సమీక్ష.

మన నేలల చరిత్ర

తెలుగు నేలకు రాయి కొత్త కాదు. అమరావతి స్తూపం శిల్పాలు చాలావరకు పల్నాటి సున్నపురాతివే. సన్నని రేణువున్న రాయి కాబట్టే అందులో అంత సూక్ష్మమైన చెక్కడం సాధ్యమైంది. 1213లో వెలసిన పాలంపేట రామప్ప గుడిలో నల్లని డోలరైట్ స్తంభాల నునుపు నేటికీ తగ్గలేదు. 2021లో ఆ గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. గుడికీ కోటకీ రాయి వాడినా, సామాన్యుల ఇళ్లలో మాత్రం చాలాకాలం పేడతో అలికిన మట్టినేలలు, కాస్త కలిగినవారి ఇళ్లలో సున్నపు గచ్చులు ఉండేవి.

ఇళ్లలోకి మొదట పెద్దఎత్తున వచ్చిన రాయి నాపరాయి. తెలంగాణలో తాండూరు బండలు, సరిహద్దు అవతల కలబురగి జిల్లా షాబాద్ బండలు వాడారు. రాయలసీమలో కడప జిల్లా ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరాళ్లు, నంద్యాల జిల్లా బేతంచెర్ల రాళ్లు దొరికేవి. కోస్తాలో మాచర్ల వైపు నాపరాళ్లు ఉండేవి. గనిలో పొరలు పొరలుగా విడివడే రాయి కనుక పెద్ద యంత్రాలు లేని రోజుల్లోనూ సుత్తీ ఉలీతో పలకలు తీయగలిగారు. నేలలే కాదు, అలమరాల అరలు, అటకలు, వంటగట్టు అడుగు పలకలు కూడా వీటితోనే వేశారు. తర్వాత పట్టణాల్లో మొజాయిక్ నేలలు వచ్చాయి. ఆ వెనుక రాజస్థాన్ నుంచి పాలరాయి లారీల్లో దిగింది.

గ్రానైట్ కథ వేరు. మన రెండు రాష్ట్రాల్లో ఆ రాయి కొండలకొద్దీ ఉన్నా, దాన్ని పలకలుగా కోసి అద్దంలా మెరుగుపెట్టడానికి వజ్రపు అంచు రంపాలు కావాలి. అవి వ్యాపించాకే గ్రానైట్ మధ్యతరగతి వంటింట్లోకి వచ్చింది. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ నేడు ప్రపంచమంతటా అమ్ముడుపోయే రకాలు. ఆ తర్వాత విట్రిఫైడ్ టైల్స్, వాటి వెనుకే క్వార్ట్జ్ పలకలు వచ్చాయి. క్వార్ట్జ్ పలకల తయారీ విశాఖ దగ్గరి అచ్యుతాపురంలోనూ జరుగుతోంది. ఇలా ఒక్క తరంలోనే నాలుగైదు రకాలు పోటీకి నిలవడంతో ఎంపిక చిక్కుముడిగా మారింది.

రెండు కుటుంబాలు, ఒక కృత్రిమ సంతానం

దుకాణంలో పేర్లు వందల్లో ఉన్నా, ఇంట్లో వాడే సహజశిలలు చాలావరకు రెండు రసాయన కుటుంబాలకు చెందినవే.

మొదటిది సున్నపు కుటుంబం. తాండూరు, షాబాద్, కడప, బేతంచెర్ల రాళ్లు, రాజస్థాన్ కోటా రాయి, మక్రానా పాలరాయి, ఇటలీ పాలరాయి అన్నీ ఇందులోవే. వీటిలో ప్రధాన ఖనిజం కాల్షియం కార్బొనేట్, లేదా దానికి దగ్గరి బంధువైన డోలమైట్. కాల్షియం కార్బొనేట్ ఖనిజరూపమైన కాల్సైట్ గట్టిదనం మోస్ స్కేలు మీద 3 మాత్రమే. ఆమ్లం తగిలితే అది కరుగుతుంది.

రెండోది సిలికా కుటుంబం. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం 7, ఫెల్డ్‌స్పార్‌ది 6. వంటింటి ఆమ్లాలకు ఇవి చలించవు. దుకాణంలో గ్రానైట్ అని అమ్మేదంతా భూగర్భ శాస్త్రం ప్రకారం గ్రానైట్ కాదు. చీమకుర్తి నల్లరాయి గాబ్రో వర్గానికి చెందింది. అందులో తళుక్కుమనే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. ఇంటివారికి ఈ తేడాతో ఇబ్బంది లేదు. ఈ నల్లరాళ్లు చాలావరకు గ్రానైట్ కంటే తక్కువ నీరు పీలుస్తాయి.

ఇక క్వార్ట్జ్ పేరుతో అమ్మే పలక ఈ రెంటికీ చెందదు. రాతిపొడిని, రాతి నలుసులను పాలియెస్టర్ వంటి జిగురుతో కలిపి, ఒత్తిడిలో గట్టిపరచి తయారుచేస్తారు. బరువులో 90 శాతం పైన రాయే అయినా, దాని బలహీనతలన్నీ మిగతా జిగురు భాగంలో ఉన్నాయి. విట్రిఫైడ్ టైల్ రాయే కాదు, బాగా కాల్చిన బంకమన్ను. కానీ ధరలోనూ పనిలోనూ రాయికి నేరుగా పోటీ కాబట్టి దాన్ని వదిలి ఈ చర్చ సాగదు.

మూడు నష్టాలు, మూడు కారణాలు

రాతి మీద ‘మచ్చ పడింది’ అని ఇంటివారు చెప్పే ఫిర్యాదులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. చర్చ మొత్తానికి తాళంచెవి ఈ విభజనలోనే ఉంది.

ఒకటి, పీల్చుకున్న మరక. నూనె, పసుపునీళ్లు, టీ డికాక్షన్ రాతి సూక్ష్మరంధ్రాల్లోకి దిగి అక్కడ మిగిలిపోతాయి. మరక రాతికంటే ముదురుగా కనబడుతుంది. దీన్ని నిర్ణయించేది రాతి పీల్చే గుణం.

రెండు, ఆమ్లం తిన్న మచ్చ. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్, పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉంటాయి. ఇవి సున్నపు కుటుంబం రాళ్ల పైపొరను కరిగిస్తాయి. మెరుపు పోయి, వెలిసినట్టున్న వలయం మిగులుతుంది. ఇది లోపలికి దిగిన మురికి కాదు కాబట్టి ఎంత తోమినా పోదు. పోయింది రాయే.

మూడు, గీత. వీధిలోంచి కాళ్లతో వచ్చే ఇసుకరేణువు చాలావరకు క్వార్ట్జ్, గట్టిదనం 7. కాల్సైట్ 3. బురద పోయిందా లేదా అన్నది కంటికి తెలుస్తుంది గానీ, పాలరాతి మెరుపును ఏళ్లతరబడి అరగదీసేది ఈ కనబడని ఇసుకే.

ఇప్పుడు ఒక ప్రామాణిక లెక్క చూడండి. అమెరికా ఏఎస్‌టీఎం ప్రమాణాలు నిర్మాణపు గ్రానైట్ గరిష్ఠంగా 0.40 శాతం నీరు పీల్చవచ్చంటే, పాలరాయికి 0.20 శాతమే పరిమితి పెట్టాయి. అంటే మంచి పాలరాయి గ్రానైట్ కంటే తక్కువే పీల్చవచ్చు! వంటింట్లో పాలరాయి త్వరగా పాడవుతుందన్న అనుభవం నిజమే, కానీ కారణం చాలామంది అనుకున్నట్టు రంధ్రాలు కాదు, రసాయనం. సున్నపురాతి విషయంలో మాత్రం రకాన్ని బట్టి తేడా చాలా ఎక్కువ. అదే ప్రమాణాల్లో చిక్కటి రకానికి 3 శాతం, పలచటి రకానికి 12 శాతం దాకా అనుమతి ఉంది. విట్రిఫైడ్ టైల్‌కి పరిమితి 0.5 శాతం.

ఎంపికలో నాలుగు వాదాలు

గ్రానైట్ పక్షం వాదన మన్నిక చుట్టూ తిరుగుతుంది. చింతపండు పులుసు ఒలికినా, కుక్కర్ దించినా, కొబ్బరికాయ కొట్టినా తట్టుకునే గట్టు కావాలంటే ఇదే. రోళ్లూ పొత్రాలూ ఈ జాతి రాతితోనే చేసుకున్న వంట సంస్కృతికి ఈ వాదన సహజంగానే నచ్చింది. దీని బలహీనతలు రెండు. లేతరంగు గ్రానైట్లు కొన్ని నూనె పీలుస్తాయి, తడికి వాటిలోని ఇనుము తుప్పు రంగు తేలుస్తుంది. రెండోది, మెరుగుపెట్టిన గ్రానైట్ తడిస్తే జారుతుంది. స్నానాలగదిలో, వరండాలో, మెట్ల మీద దీన్ని అద్దంలా పాలిష్ చేయించడం పెద్దవాళ్లున్న ఇంట్లో ప్రమాదమే. అక్కడ గరుకుగా ఉండే లెదర్ లేదా ఫ్లేమ్డ్ ఫినిష్ అడగాలి.

పాలరాయి పక్షంలోనే రెండు చీలికలున్నాయి. వాడుకతో వచ్చే మచ్చలూ మెత్తదనమూ రాతికి వయసు తెచ్చే అందమని ఒక వర్గం అంటుంది. యూరప్ వంటిళ్లలో, బేకరీ బల్లల మీద ఈ దృష్టి పాతదే. పాలరాయి కొత్తలో ఉన్నట్టే ఎప్పుడూ మెరవాలనీ, అందుకు ఏటా ఖర్చుపెట్టాలనీ రెండో వర్గం అంటుంది. మన ఇళ్లలో రెండో కోరికతో పాలరాయి వేయించి, మొదటి వర్గంలా వాడడం వల్లనే అసంతృప్తి ఎక్కువ. తాజ్‌మహల్‌ కట్టిన మక్రానా రాయికి 2019లో అంతర్జాతీయ భూగర్భ శాస్త్ర సమాఖ్య వారసత్వ శిలగా గుర్తింపు ఇచ్చింది. అంతమాత్రాన అది మామిడికాయ తరిగే గట్టుకు పనికొస్తుందని కాదు. హాలు, పడకగది, గోడ అయితే ఆ రాయి చక్కగా నిలుస్తుంది.

క్వార్ట్జ్ పక్షం ఏకరూపతను చూపిస్తుంది. షోరూమ్‌లో చూసిన రంగే ఇంటికి వస్తుంది, పీల్చుకోవడం దాదాపు ఉండదు, సీలర్ అక్కర్లేదు. ఇవన్నీ నిజమే. అయితే పొయ్యి మీంచి దించిన బాణలి నేరుగా పెడితే జిగురు కమిలి తెల్లని లేదా గోధుమరంగు మచ్చ పడుతుంది, అది పోదు. ఎండ నేరుగా తగిలే చోట రంగు మారుతుంది. అమెరికాలో తెలుగు కుటుంబాలు తెల్లటి క్వార్ట్జ్ గట్టు మీద ఎదుర్కొనే సమస్య పసుపు. రాతిలోకి దిగకపోయినా పైన పట్టుకుంటుంది. వెంటనే తుడవకపోతే మొండికేస్తుంది.

నాలుగోది నాపరాయి పునరాగమన వాదం. స్థానికంగా దొరుకుతుంది, రవాణా తక్కువ, వేసవిలో పాదానికి చల్లగా ఉంటుంది, మెరుపు తగ్గినా చూడ్డానికి బాగుంటుంది అని వాస్తుశిల్పులు కొందరు తాండూరు, కడప రాళ్లను మళ్లీ ముందుకు తెస్తున్నారు. ఈ వాదనలో పస ఉంది. కానీ ఇది కూడా సున్నపు కుటుంబమే కాబట్టి వంటగట్టు పైపలకగా పాలరాతికి ఉన్న బలహీనతే దీనికీ ఉంది. ముదురు కడప రాయి ఎండకూ వానకూ వెలిసి బూడిదరంగుకు తిరుగుతుంది. పొరలుగా ఏర్పడిన రాయి కావడంతో నాసిరకం బండల్లో పైపొర పెచ్చులు లేస్తుంది.

పోల్చి చూస్తే

- పులుపుకు: గ్రానైట్, క్వార్ట్జ్, విట్రిఫైడ్ తట్టుకుంటాయి. పాలరాయి, నాపరాయి తట్టుకోవు.
- వేడి గిన్నెకు: గ్రానైట్ అన్నిటికంటే మెరుగు. క్వార్ట్జ్ అన్నిటికంటే బలహీనం.
- నూనె మరకకు: క్వార్ట్జ్, విట్రిఫైడ్, చిక్కటి నల్ల గ్రానైట్ నిశ్చింత. లేత గ్రానైట్, పాలరాయి, నాపరాయి జాగ్రత్త కోరతాయి.
- ఇసుక గీతలకు: గ్రానైట్ గట్టిది. పాలరాయి, నాపరాయి అరుగుతాయి. మెరిసే విట్రిఫైడ్ పైపొర కూడా ఏళ్లకు మసకబారుతుంది.
- పాడయ్యాక బాగుచేయడానికి: పాలరాయి, నాపరాయి వేసినచోటే మళ్లీ మెరుగుపెట్టొచ్చు. గ్రానైట్‌కు కష్టం. క్వార్ట్జ్, విట్రిఫైడ్‌కు దాదాపు వీలుకాదు, మార్చాల్సిందే.

చివరి వరుస మీద సాధారణంగా ఎవరి దృష్టీ పడదు. త్వరగా పాడయ్యే రాళ్లే సులువుగా బాగవుతాయి. పాడుకాని వాటికి ఒక్కసారి దెబ్బ తగిలితే మందు లేదు. ముప్పై ఏళ్లు ఉండబోయే ఇంటి లెక్కలో ఈ అంశాన్ని ఎంత బరువుగా చూడాలన్నది ఇంటివారి స్వభావాన్ని బట్టి ఉంటుంది.

కొనేటప్పుడు చేయదగిన పరీక్షలు

దుకాణంలో పలక చిన్నముక్క అడిగి తెచ్చుకోవడం మేలు. దానిమీద నిమ్మరసం చుక్క వేసి పది నిమిషాలు ఉంచాలి. తుడిచాక వెలిసిన మచ్చ కనబడితే అది ఏ పేరుతో అమ్మినా సున్నపు కుటుంబమే. నీటిచుక్క వేసి చూస్తే, కింద ముదురు రంగు ఎంత త్వరగా తేలితే రాయి అంతగా పీలుస్తుందన్నమాట. నల్లరాయి విషయంలో అసిటోన్‌లో ముంచిన తెల్లబట్టతో రుద్దాలి. బట్టకు నలుపు అంటితే రాతికి రంగో నూనో పట్టించారని అర్థం. పలక వెనుక వలలాంటి గుడ్డ అంటించి ఉంటే అది మోసమని కంగారుపడనక్కర్లేదు. పెళుసు రాళ్లకు అది సహజమైన ఆసరా. కానీ ఆ సంగతి ధరలో కనబడాలి.

వేయించేటప్పుడు జరిగే తప్పులు రాతి మీదికి నెట్టడం మామూలే. తెల్ల పాలరాయి కింద మామూలు సిమెంటు వాడితే దాని ఛాయ పైకి తేలుతుంది. అందుకే తెల్లసిమెంటు వాడతారు. ఆకుపచ్చ పాలరాయిగా అమ్మే రాజస్థాన్ రాయి చాలావరకు సర్పెంటైన్ జాతి. తడి సిమెంటులో పలకలుగా వేస్తే అది వంగుతుంది, దానికి ఎపాక్సీ జిగురే సరైనది. ఇక పని ముగిశాక సిమెంటు మరకలు పోవాలని నేలంతా యాసిడ్‌తో కడిగించడం కొత్త అపార్ట్‌మెంట్లలో పరిపాటి. పాలరాతికీ నాపరాతికీ ఆ ఒక్క కడుగుడే తీవ్రమైన నష్టం చేస్తుంది.

సంరక్షణ: తెగని మూడు తగువులు

మొదటి తగువు సీలర్ మీద. ఏటా కొట్టించాలని అమ్మేవాళ్లు అంటారు, అసలు అనవసరమని పాత మేస్త్రీలు అంటారు. ఇద్దరికీ జవాబు పైన చెప్పిన విభజనలోనే ఉంది. సిలేన్, సిలోక్సేన్ వంటి పదార్థాలతో చేసిన, లోపలికి ఇంకే సీలర్ రంధ్రాల్లోకి నూనె, నీరు దిగడాన్ని నెమ్మదింపజేస్తుంది. అంటే మొదటి రకం నష్టానికి మాత్రమే మందు. నిమ్మరసం పాలరాతి పైపొరను కరిగించడాన్ని అది ఆపలేదు, గీతనూ ఆపలేదు. ‘సీలర్ కొట్టించినా మచ్చలు పడ్డాయి’ అన్న ఫిర్యాదుల వెనుక ఉన్నది చాలావరకు ఇదే. చిక్కటి నల్ల గ్రానైట్‌లోకి సీలర్ దిగనే దిగదు. పైన మిగిలి మసకపొరగా కనబడుతుంది. నీటిచుక్క పరీక్షలో పీల్చే రాతికి కొట్టించాలి, పీల్చని దానికి డబ్బు దండగ. మెరిసే పైపూతల విషయం వేరు. నేలచెమ్మ ఎక్కే కింది అంతస్తులో అలాంటి పూత తేమను లోపలే బంధించి ఉప్పు పొంగడానికీ, పెచ్చులు లేవడానికీ దారితీస్తుంది.

రెండో తగువు ఇంటి చిట్కాల మీద. వెనిగర్, నిమ్మచెక్క సహజమైనవి కాబట్టి హానిచేయవన్న నమ్మకం పాలరాతి విషయంలో పూర్తిగా తప్పు. వెనిగర్‌లో వంటసోడా కలిపితే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నురుగు తప్ప మిగిలే శక్తి తక్కువ. మరుగుదొడ్డి శుభ్రం చేసే ద్రావకాల్లో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. వాటిని సున్నపు రాళ్ల దగ్గరికి రానివ్వకూడదు. తుప్పు పోగొట్టే కొన్ని ద్రావకాల్లోని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గ్రానైట్‌నూ తింటుంది, చేతికి అంతకంటే ప్రమాదం.

బోరునీటి జిల్లాల్లో సింకు చుట్టూ పేరుకునే తెల్లపొర ఈ తగువుకు మంచి ఉదాహరణ. ఆ పొర కాల్షియం కార్బొనేటే. గ్రానైట్ మీదైతే పలచటి వెనిగర్‌ను కాసేపు ఉంచి బాగా కడిగేయొచ్చు. పాలరాతి మీద అయితే పొరా రాయీ ఒకే పదార్థం, పొరను తినే ఆమ్లం రాతినీ తింటుంది. అక్కడ నీళ్లు నిలవకుండా ఎప్పటికప్పుడు తుడవడమే దారి. రోజువారీ పనికి ఏ రాతికైనా మెత్తటి బట్టా నీళ్లూ చాలు. వారానికోసారి ఆమ్లమూ క్షారమూ కాని క్లీనర్ కొద్దిగా కలుపుకోవచ్చు. సబ్బు ఎక్కువైతే బోరునీటితో కలిసి జిడ్డుపొర కడుతుంది.

లోపలికి దిగిన మరకకు ‘పట్టు’ వేయడం నమ్మదగిన పద్ధతి. టాల్క్ వంటి తెల్లపొడిని తగిన ద్రావకంతో ముద్దచేసి, మరక మీద మందంగా పరిచి, ప్లాస్టిక్ కాగితం కప్పి ఒకరోజు ఉంచి, కాగితం తీసి ఆరనిచ్చాక ముద్దను తీసేయాలి. ఆరేకొద్దీ పొడి మరకను పైకి లాగుతుంది. నూనెకు అసిటోన్, పసుపు, టీ వంటి వాటికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. పెరాక్సైడ్ ముదురు రాళ్ల రంగును వెలిసిపోయేలా చేయగలదు, కాబట్టి మూలన పరీక్షించాకే వాడాలి. పూజగదిలో పసుపు మరక ఎండ తగిలేచోట అయితే దానంతటదే చాలావరకు వెలుస్తుంది. పసుపులోని కుర్కుమిన్ వెలుతురుకు నిలవదు. దీపపు నూనెకు, గ్యాస్ సిలిండర్ అడుగున పడే తుప్పు వలయానికి మాత్రం ముందుజాగ్రత్తే మందు. కింద ఒక పళ్లెమో చెక్కపీటో పెడితే చాలు.

మూడో తగువు మెరుపు తిరిగి తేవడం మీద. ఫ్లోరోసిలికేట్ రసాయనాన్ని ఉక్కుపీచు యంత్రంతో రుద్ది పైపొరను గట్టిపరిచే ‘క్రిస్టలైజేషన్’ను ఒక వర్గం సమర్థిస్తుంది. ఇది త్వరగా అయిపోతుంది, చౌక కూడా. పదేపదే చేస్తే పైపొర బిగిసి తేమను బంధిస్తుందని, దానికంటే వజ్రపు ప్యాడ్లతో దశలవారీగా అరగదీసి మెరుగుపెట్టడమే రాతికి మేలని రెండో వర్గం అంటుంది. రెండో పద్ధతికి ఖర్చూ, దుమ్మూ, బురదా ఎక్కువ. లోతైన గీతలూ ఆమ్లపు మచ్చలూ ఉంటే వజ్రపు ప్యాడ్లు తప్పవన్నంతవరకు ఇరువర్గాలకూ అంగీకారమే. ఆపై తగువు ఇంకా తెగలేదు.

ఆరోగ్యం: ఏ భయం నిజం, ఏది కాదు?

గ్రానైట్ రేడియోధార్మికత వెదజల్లుతుందన్న భయం 2008లో అమెరికా పత్రికల ద్వారా బాగా వ్యాపించింది. గ్రానైట్‌లో యురేనియం, థోరియం అతిస్వల్పంగా ఉండడం, వాటినుంచి రేడాన్ వాయువు వెలువడడం నిజమే. కానీ వంటగట్టు గ్రానైట్ వల్ల ఇళ్లలో రేడాన్ గణనీయంగా పెరుగుతోందని చెప్పడానికి తగిన ఆధారం లేదన్నది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వైఖరి. ఇళ్లలోకి రేడాన్ ప్రధానంగా వచ్చేది పునాది కింది నేలనుంచి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఘనమీటరుకు 100 బెక్వెరెల్స్‌ను సూచిక పరిమితిగా చెప్పింది. గాలి ధారాళంగా ఆడే ఇంట్లో గట్టు రాయిని చూసి బెంగపడనక్కర్లేదు.

అసలు ప్రమాదం మరోచోట ఉంది, అది ఇంటివారికి కాదు, రాయి కోసే కార్మికుడికి. క్వార్ట్జ్ పలకల్లో స్ఫటిక సిలికా సాధారణంగా 90 శాతం పైగా ఉంటుంది. గ్రానైట్‌లో సుమారు 20 నుంచి 45 శాతం, పాలరాతిలో చాలా తక్కువ. పొడిగా కోసేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దీనికి నయంచేసే మందు లేదు. యువ కార్మికులు పెద్దసంఖ్యలో దీని బారిన పడడంతో ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి కృత్రిమ రాతి పలకల తయారీ, సరఫరా, అమరికలను నిషేధించింది. మన దేశంలో కార్మిక చట్టాల కింద సిలికోసిస్ తప్పక నివేదించాల్సిన వ్యాధే. కానీ వీధిచివర కోత దుకాణాలు, ఇంటి ముంగిట గ్రైండర్‌తో కోసే కూలీలు చాలావరకు ఆ చట్టాల చూపుకు అందడం లేదు.

ఇంకా తేలనివి

సిలికా తగ్గించిన కొత్తరకం కృత్రిమ పలకలు మార్కెట్లోకి వస్తున్నాయి. వాటిలో సిలికా బదులు వాడే గాజుపొడి, జిగురు దీర్ఘకాలంలో ఎలా నిలుస్తాయో, వాటి ధూళి కార్మికుడికి ఎంత క్షేమమో తేలాలి. గని వ్యర్థాల లెక్క మరొకటి. తాండూరులోనైనా చీమకుర్తిలోనైనా తీసిన రాతిలో పలకగా మారేది కొంతే. మిగతాది గుట్టలుగా పేరుకుంటోంది. స్థానికరాయి పర్యావరణానికి మేలన్న వాదనను ఈ వ్యర్థాలను కూడా కలుపుకొని తూచాలి. సీలర్లు ఎంతకాలం పనిచేస్తాయన్న దానిపై మన నీళ్లకూ, మన వంటకూ తగిన స్వతంత్ర పరీక్షలు మనకు కావాలి. డబ్బా మీద తయారీదారు చెప్పే ఏళ్ల లెక్కను అంతవరకు అమ్మకపు మాటగానే తీసుకోవడం మంచిది.

తీర్పు

తేలిన సంగతులతో ఇల్లు కట్టుకోవడానికి ఇబ్బందేమీ లేదు. పులుపూ వేడీ ఆడే వంటగట్టుకు ముదురు గ్రానైట్‌దే పైచేయి. హాలుకూ పడకగదులకూ పాలరాయి, తాండూరు, కడప రాళ్లలో దేనిని ఎంచుకున్నా తప్పులేదు. అయితే గడపలో మంచి కాళ్లపట్టా, చేతిలో ఆమ్లం లేని క్లీనర్ ఉండాలి. తడిచోట్లకు నునుపు తగ్గించిన ఫినిష్ కావాలి. క్వార్ట్జ్ ఎంచుకుంటే వేడి గిన్నె కింద పీట తప్పనిసరి. ఒకే రాయి ఇల్లంతా వేయించాలన్న పట్టుదలను వదులుకుంటే సగం సమస్యలు రానేరావు.

చివరిగా ఒక మాట. ఏ రాయి కొన్నా, దాన్ని నీళ్లు పోస్తూ కోయాలనీ, కోసేవారు ధూళిని ఆపగల మాస్కు కట్టుకోవాలనీ పని ఒప్పుకునేనాడే షరతు పెట్టండి. అందుకయ్యే అదనపు ఖర్చు రాతి ధరలో భాగమే అనుకోండి.